పోటు అంటే పోవడం కాదు

"మీరేం చెప్పేవారండీ?" అని ఎవరైనా అడిగితే, ముప్పై ఏళ్ళు పాఠాలు చెప్పిన నేను ఒక్క ముక్కలో జవాబు చెప్పలేను. లెక్కలు చెప్పినాయన "లెక్కలు" అంటాడు, అయిపోతుంది. నాది భూగోళం కొంత, ఖగోళం కొంత, వ్యవసాయం కొంత. రాజమండ్రిలో ఒక పోటీ పరీక్షల కోచింగ్ సెంటరులో హిస్టరీ సారూ, పాలిటీ సారూ, సైన్సు సారూ తమ తమ వాటాలు తీసుకోగా గిన్నె అడుగున మిగిలింది నాకు వడ్డించారు. గాలులు, మేఘాలు, నేలలు, గ్రహాలు, గ్రహణాలు, ఎరువులు, తెగుళ్ళు. అన్నీ బేసిక్సే. భగవంతుడి దయవల్ల అడుగున మిగిలిందే నాకు రుచించింది.

ఇప్పుడు మీలో కొందరు ఈ పనిలోకి వస్తున్నారని విన్నాను. సిలబస్ గురించీ, స్లైడ్ల గురించీ మీకే ఎక్కువ తెలుసు. నాకు తెలిసిన నాలుగు సంగతులు రాస్తాను. వాటిలో ఎక్కువ భాగం నా తప్పులే. మంచి పనులు చేసినప్పుడు నేను ఏమీ నేర్చుకున్నట్టు గుర్తు లేదు.

కొబ్బరికాయ భూగోళం

నేను బడికి వెళ్ళలేదు. మా నాన్నగారు కాలువ లాకుల దగ్గర లస్కరు. తలుపులు ఎత్తడం, దించడం, నీటిమట్టం చూసి పుస్తకంలో రాయడం ఆయన పని. క్వార్టరు లాకు పక్కనే ఉండేది. బడికి పడవలో వెళ్ళాలి. నాకేమో పడవెక్కితే వాంతులు. నాలుగు రోజులు చూసి, "దీనికి చదువు కన్నా ప్రాణం ముఖ్యం" అని నాన్నగారు తేల్చేశారు. అప్పుడు అయిదో తరగతి చదివిన మా అమ్మ నన్ను కూర్చోబెట్టుకుంది.

అంకెలు నేర్చుకోవడానికి లాకు గోడ మీద నీటిమట్టం కొలిచే గీతలే పలక. అవి కింది నుంచి పైకి ఉంటాయి కాబట్టి నేను చాలాకాలం అంకెలు కింది నుంచి పైకే రాశాను. పగలు, రాత్రి చెప్పడానికి అమ్మ దీపం ముందు కొబ్బరికాయ తిప్పేది. "ఇటు మనం, అటు అమెరికా వాళ్ళు. ఇప్పుడు వాళ్ళు పడుకున్నారు, గట్టిగా అరవకు" అనేది. పాఠం అయ్యాక ఆ భూగోళాన్ని పగలగొట్టి పచ్చడి చేసేది. మా ఇంట్లో భూగోళం మిగిలిన రోజు లేదు.

ఆ తర్వాత ప్రైవేటుగా మెట్రిక్, సార్వత్రిక విశ్వవిద్యాలయంలో డిగ్రీ, ఎమ్మే. నాకు వచ్చినదంతా అమ్మ చలవే. ఆ ఋణం తీరేది కాదు, తీర్చుకోవాలని కూడా లేదు.

నేను బడికి వెళ్ళలేదని ప్రతి బ్యాచికీ మొదటి రోజే చెప్పేసేదాన్ని. దాంతో వెనక బెంచీల వాళ్ళకి నా మీద అకారణంగా గౌరవం కలిగేది. ఇంకో సంగతి కూడా వాళ్ళు గమనించేవారు. నేను క్లాసు మొదలుపెట్టే ముందు కిటికీలోంచి కనిపించే సూర్యుడికి దణ్ణం పెట్టుకుంటాను. ఒకసారి ఒకమ్మాయి లేచి, "మేడం గారూ, సూర్యుడు ఉదయించడండి, భూమే తిరుగుతుందండి అని నిన్ననే చెప్పారు కదండీ. మళ్ళీ ఉదయించినందుకు దణ్ణం ఏంటండీ?" అంది.

"ఉదయించినందుకు కాదమ్మా. రాత్రంతా నన్ను అంత వేగంగా తిప్పి, మంచం మీంచి కింద పడెయ్యనందుకు" అన్నాను.

క్లాసు నవ్వింది. నేను మాత్రం నిజమే చెప్పాను.

"కూర్చుని అండి"

మా డైరెక్టరు సత్తిరాజు గారు. మోటారు వైండింగు షాపు పైన రెండు గదులు అద్దెకు తీసుకుని సెంటరు పెట్టారు. కింద మోటారు పరీక్షిస్తుంటే పైన నా రుతుపవనాలు ఎవరికీ వినపడేవి కావు. నా సర్టిఫికెట్లు అడగకుండా, "పాఠం చెప్పండి, చూద్దాం" అన్న మనిషి ఆయన. పావుగంట విని, "రేపటి నుంచి రండి" అన్నారు. ఆయన మీద నేను ఎన్ని చెప్పినా ఈ ముక్క తలచుకునే చెబుతాను.

ఆయనకు కోడ్‌ల పిచ్చి. ఏదైనా సరే మొదటి అక్షరాలు తీసి ఒక వాక్యం కట్టేవారు. గ్రహాల వరుసకు ఆయన కట్టినది ఇది: "బుజ్జిగాడు శుక్రవారం భూమ్మీద కూర్చుని గుమ్మడికాయని శనగలతో యుక్తిగా నెట్టాడు." బుధుడు, శుక్రుడు, భూమి, కుజుడు, గురుడు, శని, యురేనస్, నెప్ట్యూన్. గోడ మీద రంగు పెయింటుతో రాయించారు కూడా.

ఒకసారి మాక్ ఇంటర్వ్యూలు పెట్టి, బయటి నుంచి ఒక రిటైర్డు తహసీల్దారు గారిని పిలిపించారు. ఆయన ఒక కుర్రాణ్ణి అడిగారు.

"సూర్యుడి నుంచి నాలుగో గ్రహం ఏదయ్యా?"

కుర్రాడు కళ్ళు మూసుకుని, వేళ్ళు మడిచి లెక్కపెట్టుకుని, "కూర్చుని అండి" అన్నాడు.

"కూర్చునే చెప్పవయ్యా, నిన్ను లేవమన్నదెవరు?"

"అది కాదండి. నాలుగోది కూర్చుని అండి."

తహసీల్దారు గారు సత్తిరాజు గారి వైపు చూశారు. సత్తిరాజు గారు గోడ వైపు చూశారు.

నేను ఆ రోజు చాలా నవ్వాను. నవ్వి, కోడ్‌లు నేర్పేవాళ్ళు పిల్లల్ని పాడుచేస్తారని పది మందిలో తీర్పు కూడా ఇచ్చాను. నేను కూడా ఒక కోడ్ కట్టుకున్నాననీ, అది దీనికన్నా ఘోరమైనదనీ అప్పటికి నాకు తెలియదు.

వరి ఏ కాలపు పంట?

డెల్టా పిల్లలకు వ్యవసాయం చెప్పడం కన్నా చేపకు ఈత చెప్పడం తేలిక. వాళ్ళకు వచ్చు, అదే చిక్కు. పుస్తకంలో వరి ఖరీఫ్ పంట, గోధుమ రబీ పంట. మా వైపు ఖరీఫ్, రబీ అనే మాటలు ఆఫీసుల్లో ఉంటాయి. పొలంలో ఉండేవి సార్వా, దాళ్వా. తొలకరికి వేసేది సార్వా, దాని కోత అయ్యాక కాలువ నీటితో మళ్ళీ వేసేది దాళ్వా. రెండూ వరే.

రామచంద్రపురం దగ్గర పల్లె నుంచి వచ్చే వీరభద్రం అనే కుర్రాడు ఉండేవాడు. రైతు బిడ్డ. బీఎస్సీ చదివాడు. వాదన వాడికి భోజనం తర్వాత వక్కపొడి లాంటిది.

"వరి రబీ పంట కాదంటారేంటండీ? మా నాన్న దాళ్వాకి కూడా వరే వేస్తాడండి. ఆయనకి నెగిటివ్ మార్కాండి?"

"మీ నాన్నగారికి ఫుల్ మార్కులే నాయనా. పరీక్ష రాసేది నువ్వు."

"మరి నేనేం పెట్టాలండి?"

"ఖరీఫ్ అని టిక్కు పెట్టు. ఇంటికెళ్ళి దాళ్వాకి నారుమడి దున్నుకో. పరీక్షది ఒక భాష, పొలానిది ఒక భాష. హాల్లోకి వెళ్ళేటప్పుడు పొలం భాష చెప్పుల్తో పాటు బయట విడిచి వెళ్ళాలి."

ఆ మాట నాకే ఎంతో నచ్చింది. ప్రతి బ్యాచిలోనూ చెప్పేదాన్ని. మీకు కూడా ఇలా మీ మాటే మీకు బాగా నచ్చే రోజు వస్తుంది. ఆ రోజు కొంచెం భయపడండి.

పో అంటే పోవడమే కదా

సముద్రపు నీటిమట్టం పెరిగి నీళ్ళు తీరం మీదికి రావడం పోటు. తగ్గి వెనక్కి పోవడం ఆటు. ఇదీ నిజం. నేను పదకొండేళ్ళు దీన్ని తలకిందులుగా చెప్పాను.

ఎందుకంటే, నేను కాలువ పిల్లని. మా కాలువలో నీళ్ళు ఒక్క వైపే వెళతాయి. సముద్రానికి ఒక్కసారి, అంతర్వేదిలో పుణ్యస్నానానికి వెళ్ళాను. కళ్ళు మూసుకుని మూడు మునకలు వేసి బయటికి వచ్చేశాను. నీళ్ళు వస్తున్నాయో పోతున్నాయో ఆ నరసింహస్వామికే తెలియాలి. మా సెంటరు పుస్తకానికి ఆ పాఠం రాయాల్సి వచ్చినప్పుడు ఏది ఏదో ఒక్క క్షణం అనుమానం వచ్చింది. పుస్తకం తీసి చూడాల్సింది. చూడకుండా తెలుగు మీద ఆధారపడ్డాను. 'పో' అంటే పోవడం కదా, కాబట్టి పోటు అంటే నీళ్ళు పోవడం అని తేల్చాను. పైగా కోడ్ కూడా కట్టాను: "ఆటు ఆడుతూ వస్తుంది, పోటు పారిపోతుంది." అచ్చులో బాక్సు కట్టించి మరీ వేయించాను. పదకొండేళ్ళలో ఏ ఒక్కరూ కాదనలేదు. మా సెంటరుకి వచ్చేవాళ్ళలో ఎక్కువమంది పొలాల పిల్లలు. వాళ్ళూ కాలువ వాళ్ళే.

అప్పుడు నూకరత్నం వచ్చింది.

ఉప్పాడ పక్కన మత్స్యకారుల ఇంటి పిల్ల. తండ్రి లేడు. తల్లి కాసులమ్మ చేపలు అమ్మి చదివించింది. మండలాఫీసులో ఏదో చిన్న పని చేసుకుంటూ మూడుసార్లు పరీక్ష రాసింది, మూడుసార్లూ అంచు దాకా వచ్చి ఆగిపోయింది. ఇది నాలుగోది. ఈసారి తప్పితే వయసు దాటిపోతుంది, ఇంక రాయడానికి ఉండదు. చేరిన రోజున, "ఏ ఉద్యోగం కావాలమ్మా?" అని అడిగితే, "సముద్రం రాని ఉద్యోగం అండి" అంది. వాళ్ళ ఇల్లు అప్పటికి రెండుసార్లు సముద్రపు కోతలో పోయింది. రెండుసార్లూ వెనక్కి జరిగి కట్టుకున్నారు.

ఆ పిల్ల క్లాసులో నోరు విప్పేది కాదు. పరీక్ష రెండు వారాలు ఉందనగా వాళ్ళ బ్యాచికి ఆటుపోట్లు రివిజన్ చేయిస్తున్నాను. బోర్డు మీద నా కోడ్ రాశాను. అందరూ వల్లె వేశారు. నూకరత్నం కూడా వేసింది, కానీ పెదవి చివర ఒక నవ్వు కనబడింది.

"ఏంటమ్మా నవ్వుతున్నావ్?"

"ఏం లేదండి."

"చెప్పు తల్లీ."

"మా అమ్మ వింటే ఏమంటుందోనని అండి."

"ఏమంటుంది?"

చాలాసేపు బతిమాలించుకుని చెప్పింది. "పోటుకి నీళ్ళు వస్తాయండి. మేడం గారు పొమ్మంటున్నారండి."

క్లాసు గొల్లుమంది. నేనూ నవ్వాను. "మరి ఇన్నాళ్ళూ చెప్పలేదేం?"

"మీరే కదండీ చెప్పారు, పరీక్షది ఒక భాష, మనది ఒక భాష అని. మేము ఆటు అనమండి, పాటు అంటాం. పుస్తకంలో ఆటు అని ఉంది కదా, అందులో పోటుకి కూడా అర్థం వేరేమో అనుకున్నానండి. మీరు చెప్పినట్టే బట్టీ పట్టేశానండి."

వెనక నుంచి వీరభద్రం, "సముద్రం భాష చెప్పుల్తో పాటు బయట విడిచేసిందండి" అన్నాడు.

అష్టమి పోటు

ఇంటికి వెళ్ళి పుస్తకాలు తీశాను. బడి పుస్తకంలో ఆ పిల్ల చెప్పినట్టే ఉంది. అయినా చూడండి మనిషి మొండితనం! అచ్చుతప్పేమోనని ఆశ. ఆ ఆదివారం పొద్దున్నే బస్సెక్కి ఉప్పాడ వెళ్ళాను. ఆ రోజు అష్టమి. అష్టమినాడు నేను ప్రయాణం పెట్టుకోను. ఆ రోజు పెట్టుకున్నానంటే నా పరిస్థితి అర్థం చేసుకోండి.

కాసులమ్మ గారు రాళ్ళ కట్ట అవతల, కాస్త ఇసుక మిగిలిన చోట కూర్చుని ఉన్నారు. ఆదివారానికి ఇంటికి వచ్చిన నూకరత్నం నన్ను పరిచయం చేసింది. ఆవిడ నన్ను కింది నుంచి పైదాకా చూశారు.

"ఈవిడేనా, సముద్రాన్ని ఎనక్కి నడిపించే మేడం గారు?"

"అమ్మా!" అంది కూతురు.

"అవునండి, నేనే. నాకు కొంచెం చూపిస్తారా?" అన్నాను.

"సూపించేదేముందండి. ఇప్పుడు పాటు. నీళ్ళు లోపలికి లాగేసినియ్యి. ఆ తడి అంచున మీ చెప్పులు ఇడవండి. ఇడిసి ఇలా వచ్చి కూకోండి. ఇంక పోటు మొదలవుద్ది. మీ లెక్కన పోటుకి నీళ్ళు పోతాయి కదా, మీ చెప్పులకేం భయం?"

విడిచాను. వచ్చి కూర్చున్నాను. ఆవిడ ఎండు చేపల సంగతీ, రెండు ఇళ్ళు పోయిన సంగతీ, కూతురి చదువు సంగతీ చెబుతూ పోయారు. "ఇదొక్కటి దక్కిందంటే సాలండి. దీని తరవాత మళ్ళీ రాయనివ్వరంట కదా" అన్నారు. నేను తల ఊపుతూ సముద్రం వైపే చూస్తున్నాను. అలలు వస్తున్నాయి, పోతున్నాయి, ఏ మార్పూ లేదనిపించింది. నా పుస్తకమే గెలుస్తుందేమోనని చిన్న ఆనందం కూడా కలిగింది. కాసేపటికి ఆవిడ కాఫీ ఇచ్చారు. తాగి తల ఎత్తేసరికి ఒక చెప్పు లేదు. రెండోది నేను లేవబోయేసరికి కదిలింది, పరిగెత్తేసరికి వెళ్ళిపోయింది.

కాసులమ్మ గారు నవ్వి నవ్వి కొంగుతో కళ్ళు తుడుచుకున్నారు. "ఇయ్యాల అష్టమండి. పోటు పిల్లది. అమావాస్యకో పున్నానికో వచ్చుంటే మేడం గారే ఎళ్ళిపోదురు."

పౌర్ణమికీ అమావాస్యకీ పోటు ఎక్కువ, అష్టమికి తక్కువ. దీనికి నా పుస్తకంలో ఒక పేజీ, రెండు బొమ్మలు, సూర్యచంద్రుల ఆకర్షణ బలాలు. ఆవిడ నవ్వుతూ ఒక్క ముక్కలో చెప్పేశారు. రెండు చేతులూ జోడించాను. ఆవిడ కంగారుపడి, "అయ్యో, చెప్పులకి దణ్ణం ఏంటండీ" అన్నారు. ఆవిడ ఇచ్చిన హవాయి చెప్పులతో రాజమండ్రి చేరాను.

నోరు మూసుకున్న పది రోజులు

సోమవారం పొద్దుటి బ్యాచిలో, అంటే నూకరత్నం, మరో పాతిక మంది ఉన్న బ్యాచిలో, తప్పు ఒప్పుకుని బోర్డు మీద సరిగా రాశాను. మధ్యాహ్నం బ్యాచి పెద్దది. వీరభద్రం కూడా రివిజన్ అయ్యాక అందులోకి మారిపోయాడు; నూకరత్నం మాట విన్నాడే కానీ, నేను ఒప్పుకున్నది వినలేదు. అక్కడ చెప్పబోతుంటే సత్తిరాజు గారు వరండాలో ఆపారు.

"మేడం గారూ, పరీక్ష పది రోజుల్లో ఉంది. ఇప్పుడు పుస్తకంలో ఒకటి తప్పంటే పిల్లలు మిగతా మూడొందల పేజీలూ అనుమానిస్తారు. అసలు ఆ ప్రశ్న వస్తుందో రాదో! పరీక్ష అయ్యాక దిద్దుదాం."

"గ్రూపులో ఒక మెసేజ్ పెడతానండి."

"గ్రూపులో అడ్మిన్ ఒక్కడే రాయగలడండి."

అడ్మిన్ ఆయనే.

నాకూ అదే సులువనిపించింది. ఆయన ఆపినందుకు లోలోపల సంతోషించాను కూడా. పిల్లలారా, ఈ వ్యాసంలో మీరు ఒక్క మాటే గుర్తుపెట్టుకోదలిస్తే ఇది గుర్తుపెట్టుకోండి. తెలియక తప్పు చెప్పడం మనిషి పని. తెలిశాక పది రోజులు ఊరుకోవడం మాత్రం మన చేతిలో పని. మొదటిదాన్ని దేవుడు క్షమిస్తాడు. రెండోదానికి ఆయన పిల్లల్ని అడగమంటాడు.

ప్రశ్న వచ్చింది. "సముద్ర నీటిమట్టం పెరిగి నీరు తీరం వైపు రావడాన్ని ఏమంటారు?" నూకరత్నం పోటు అని పెట్టింది. మధ్యాహ్నం బ్యాచి అంతా ఆటు అని పెట్టింది.

తర్వాత ప్రాథమిక కీ వచ్చింది. అందులో జవాబు ఆటు.

నేను మూడుసార్లు చదివాను. ప్రశ్నపత్రం తయారుచేసిన వారికి ఆ జవాబు ఎక్కడ దొరికిందో నాకు తెలియదు. వారు కూడా 'పో' అంటే పోవడమనే అనుకున్నారో ఏమో. మా పుస్తకం జిరాక్సులు తుని దాకా వెళ్ళాయని మాత్రం తెలుసు. ఆ రాత్రి నాకు నిద్ర లేదు.

సత్తిరాజు గారు మిఠాయి పొట్లంతో వచ్చారు. "చూశారా మేడం గారూ? పుస్తకంలో మనదే, కీలో మనదే. ఇంక సముద్రానికేం పని?"

నూకరత్నం వచ్చి నా బల్ల పక్కన నిలబడింది. మార్కులు లెక్క చూసుకుందట. అంచు మీద ఉంది. "ఈ ఒక్కటీ ఉంటేనే అండి" అంది. నా మాట విని బట్టీ పట్టింది, నా మాట విని మార్చుకుంది, ఇప్పుడు నా పాత మాటే దాని నోటి దగ్గరది లాక్కుంటోంది. సాయంత్రం వాళ్ళమ్మ ఫోన్ చేసి, "ఏంటండీ, సముద్రాన్ని తీసుకొచ్చి సంతకం పెట్టించమంటారా?" అన్నారు. ఆ గొంతులో ఈసారి నవ్వు లేదు.

కీ మీద అభ్యంతరం చెప్పడానికి మూడు రోజులు గడువు. ఆధారం జత చెయ్యాలి. బడి పుస్తకం పేజీ ఉంది. దాంతో పాటు నేను ఒక కాగితం రాశాను: ఫలానా కోచింగ్ పుస్తకంలో ఈ పాఠం రాసింది నేను, అందులో ఆటుపోట్లు తారుమారు చేశాను, తప్పు నాది అని.

"కూర్చున్న కొమ్మ నరుక్కుంటున్నారు మేడం గారూ. మన పిల్లలు ఎంతమందికి ఈ మార్కు పోతుందో ఆలోచించారా?" అన్నారు సత్తిరాజు గారు.

ఆలోచించాను. అందుకే కాగితం పంపే ముందు మధ్యాహ్నం బ్యాచి దగ్గరికి వెళ్ళి మొత్తం చెప్పాను, పది రోజుల సంగతితో సహా. వీరభద్రం లేచాడు. ఎప్పటిలా నవ్వలేదు.

"తప్పు మీరే నేర్పారు. తప్పని మీరే కంప్లైంటు పెడుతున్నారు. మధ్యలో మేమేం చేశామండి?"

"ఏమీ చెయ్యలేదు నాయనా. నన్ను నమ్మారు."

వాడు కూర్చున్నాడు. నేను బయటికి వచ్చేశాను. వరండాలో సత్తిరాజు గారు గోడకి ఆనుకుని నిలబడి ఉన్నారు. అంతా విన్నట్టున్నారు. "మేడం గారూ, 'గోదావరి గట్టుకి భక్తులు పోటెత్తారు' అని పేపరు వాళ్ళు రాస్తారు కదా. అంటే భక్తులు వచ్చినట్టా, ఇళ్ళకి పోయినట్టా?" అన్నారు.

ఏటా కార్తీకమాసంలో ఆ వార్త చదువుతాను. ఆ పోటెత్తిన వాళ్ళలో నేనూ ఒకదాన్ని.

"వచ్చినట్టేనండి."

"అయితే ఆ పేపరు ముక్క కూడా జత చెయ్యండి" అన్నారు ఆయన. ఆయనే నూకరత్నాన్ని కంప్యూటరు దగ్గర కూర్చోబెట్టి అన్నీ అప్‌లోడ్ చేయించారు.

ఫలితాలు

తుది కీ, ఫలితాలు ఒకే రోజు వచ్చాయి. కీలో జవాబు పోటు అయింది. మిగతా విషయాలు అంత చక్కగా తేలలేదు.

వీరభద్రం నెంబరు లేదు. పొద్దున్నే వాడే ఫోన్ చేసి చెప్పాడు. "ఒక్క మార్కుతోనా నాయనా?" అని అడిగాను. "వదిలేయండి మేడం గారూ" అన్నాడు. ఇప్పటికీ నాకు తెలియదు. వాడికి ఇంకా వయసు ఉందని నన్ను నేను ఓదార్చుకున్నాను. అది వాడి ఓదార్పు కాదు, నాదే. తర్వాతి వారం కొత్త నోట్సు పుస్తకంతో మొదటి బెంచీలో కూర్చున్నాడు. పక్కన నడుస్తూ చూస్తే, పేజీకి మార్జిన్ గీసి పైన ఒక శీర్షిక పెట్టుకున్నాడు: "మేడం గారు చెప్పారు. చూసుకోవాలి." ముప్పై ఏళ్ళలో నా మీద వచ్చిన సమీక్షల్లో అంత న్యాయమైనది ఇంకోటి లేదు. మరుసటి ఏడు పాసయ్యాడు. మీ విద్యార్థులందరి చేతా అలాంటి మార్జిన్ గీయించండి.

ఇక ఫలితాల రోజు సంగతి. నూకరత్నం నుంచి పొద్దుట నుంచీ ఫోన్ లేదు. నేను చేస్తే స్విచ్ ఆఫ్. దాని హాల్ టికెట్ నెంబరు నా దగ్గర ఎక్కడ రాసుకున్నానో కంగారులో దొరకలేదు. పూజగదిలో కూర్చున్నాను కానీ ఏం జపించానో నాకే తెలియదు. సాయంత్రం కాసులమ్మ గారి ఫోను వచ్చింది.

"మేడం గారూ, అమ్మాయి మంచం మీద బోర్లా పడి ఏడుస్తుందండి. పాసయ్యి ఏడుస్తుందో, ఫెయిలయ్యి ఏడుస్తుందో చెప్పట్లేదు. కాగితం నా చేతిలో ఉంది. నెంబరు చదువుతాను, సూసి చెప్పండి."

చదివారు. నా ఫోన్‌లోనే జాబితా తెరిచి వెతికాను. రెండుసార్లు పేజీ జారిపోయింది. దొరికింది.

"ఉందమ్మా! మీ అమ్మాయి నెంబరు ఉంది!"

ఆవిడ నెమ్మదిగా, "మళ్ళీ సూడండి" అన్నారు.

"చూశానండి, ఉంది."

"ఇంకోసారి సూడండి మేడం గారూ. ఏమనుకోకండి, పోటు గురించి కూడా మీరు ఇంత గట్టిగానే చెప్పారంట కదా."

ఏమీ అనుకోలేదు. కళ్ళజోడు తీసి, కొంగుతో తుడిచి, మళ్ళీ పెట్టుకుని, ఒక్కో అంకె మీద వేలు పెట్టి పైకి చదివాను. ఒక్కో అంకెకీ అవతల నుంచి ఆవిడ "ఊఁ" కొట్టారు.